టార్గెట్టుకి ప్రాస

మే 20

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావా బాగానే ఉండి ఉంటారు. పోయినసారి ఫోన్ చేస్తే నేను అరవడం, నువ్వు "ఆఁ?" అనడం, వెనకనుంచి బావ "పెట్టెయ్, పెట్టెయ్" అనడం, దాంతోనే సరిపోయింది. పక్కగదివాళ్ళు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగారు. ఇక నీతో మాటలన్నీ కాగితం మీదే.

ఒక సాయం కావాలి. "టార్గెట్" అన్న మాటకి ప్రాసలు కావాలి. నవ్వకు, నిజంగానే.

మా లాండ్రీకి కొత్త ఆఫీసరు వచ్చాడు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని తిరుగుతాడు, అందుకని మేమంతా ఆయన్ని గడియారం అంటున్నాం. వచ్చిన మర్నాడే గోడకి బోర్డు కొట్టించి ఎర్ర అక్షరాలతో "టార్గెట్: గంటకి తొంభై" అని రాయించాడు. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఈ నేలకింది గదికే వస్తాయని నీకు తెలుసుగా. మొత్తం ఆరు బల్లలు, బల్లకి ఇద్దరం. ఇటు రెండు కొసలు నేను పడితే, అటు రెండు కొసలు దగ్గులమ్మ పడుతుంది. లాగి దులిపి నాలుగు మడతలు వేస్తే ఒక దుప్పటి అయినట్టు. మాటకి ముందో దగ్గు, తర్వాతో దగ్గు కాబట్టి ఆవిడకా పేరు. ఆ పేరుతో పిలిచినా కోపం రాదు, దగ్గుతూనే పలుకుతుంది.

బోర్డు పెడితే మేం ఊరుకుంటామా? ఆ ఎర్రమాట మీదే పాట కట్టడం మొదలెట్టాం. మడతకో ముక్క, ముక్క చివర ప్రాస. ప్రాస దగ్గర ఆరు బల్లల చేతులూ ఒక్కసారే కలవాలి. బకెట్, జాకెట్, మార్కెట్, టికెట్ అయిపోయాయి. ఆ పైన బండి కదలడంలేదు. ప్రాసల్లో నీ అంత దిట్ట ఎవరూ లేరని ఇక్కడ గొప్పలు చెప్పేశాను. పరువు నీ చేతిలో ఉంది.

నీ బుల్లి

*

మే 26

ఒసేయ్ బుల్లీ,

పెళ్ళికాకముందు గిన్నెలు తోమే వంతు తేల్చుకోడానికి ప్రాసల పోటీ పెట్టుకునేవాళ్ళం గుర్తుందా? నువ్వెప్పుడూ మూడో మాట దగ్గరే తెల్లమొహం వేసేదానివి. ఇన్నేళ్ళు గడిచినా నాలుగో మాట దగ్గరే ఆగావు. ఒక్కటి ఎదిగావు, సంతోషం.

నీ తప్పెక్కడుందో చెప్తాను విను. ఇంగ్లీషు మాటకి ఇంగ్లీషు మాటే వెతుక్కుంటున్నావు. "టార్గెట్" అని టక్కున ఆపితే అది ఒంటరిపిల్లి. మనందరం అనేట్టు "టార్గెట్టు" అను. చివర ఉకారం తగిలిందా, ఇక మనింటి మాటలన్నీ దానికి చుట్టాలే. పట్టు, ఒట్టు, గుట్టు, మెట్టు, కట్టు, జట్టు, తిట్టు, బెట్టు, చెట్టు, చుట్టు! కావాలంటే ప్యాకెట్టు, రాకెట్టు, లాకెట్టు, సాకెట్టు కూడా పక్కన కూర్చోబెట్టుకో. మీ బావ "కార్పెట్టు" అన్నారు. చాల్లే మీ మొహం అన్నాను కానీ, ఆలోచిస్తే అదీ పనికొస్తుంది. ఆయనకి చెప్పలేదు, నెత్తికెక్కుతారు.

మిషను తొక్కుతూ ఒకటి కట్టాను. పెడల్ లెక్కకి సరిపోయింది, నీ మడతలకీ సరిపోవాలి:

తొంభయ్యంట టార్గెట్టు
చెమటకి తడిసిన జాకెట్టు
చిల్లులు పడిన బక్కెట్టు
ఎంత పోసినా వట్టిదె, ఒట్టు!

బాగుందా లేదా? బాగాలేదంటే ఊరుకోను. ఇంతకీ ఇది పోటీయా? గెలిస్తే ఏమిస్తారు? సగం నాదే.

ఇంకోమాట. నీ అక్షరాలేమిటే, కోడి గీరినట్టున్నాయి! గుండ్రటి దస్తూరి నీది, ఊళ్ళో అందరి ఉత్తరాలూ నీచేతే రాయించుకునేవారు. ఇప్పుడు అక్కే కదా అని అలుసు. కూర్చుని రాయి, నిలబడి రాయకు.

మీ అక్క

*

జూన్ 5

అక్కా,

నీ నోట్లో చక్కెర పొయ్య! పాట అదిరిపోయింది. "ఒట్టు" అన్న దగ్గర ఆరు బల్లలూ ఒక్కసారి దభీమంటున్నాయి. నీ చుట్టాలందరినీ వాడేసుకుని రెండోది మేమే కట్టుకున్నాం:

పట్టు పట్టు, కొసను పట్టు
తొందరపడితే నామీదొట్టు
గడియారానికి తెలియని గుట్టు
ఒక్కటే అడుగు, ఒక్కటే జట్టు

పోటీ అన్నావు కదా. పోటీయే అక్కా, కానీ బహుమతి ఏమీ లేదు, ఓడిపోతే ఇంటికి పోవడమే. మొదటి ఉత్తరంలో రాయలేదు, ఇప్పుడు చెప్తున్నాను. సాయంత్రం బల్లబల్లకీ లెక్క రాసి, నెలాఖరుకి ఏ బల్ల అన్నిటికన్నా వెనకబడితే ఆ బల్ల మీద నెమ్మదిగా చేసేవాళ్ళని తీసేస్తానన్నాడు గడియారం. మిగతావాళ్ళు గంటకి ఎనభై, ఎనభై అయిదు చేస్తున్నారు. మా బల్లకి అరవై దాటడంలేదు.

అందుకే ఈ పాట. అందరి చేతులూ ప్రాస దగ్గరే కలవాలి కదా, ఒక బల్ల ముందుకి పోవడానికి వీల్లేదు. వారంరోజులుగా ఆరు బల్లల లెక్కా ఒక్కటే, డెబ్భై; పాట ఊపుకి మా బల్ల పైకి లేచింది, మిగతావి కిందకి దిగాయి. సోమవారం డెబ్భై, మంగళవారం డెబ్భై. గడియారం వాచీ చెవిదగ్గర పెట్టుకుని ఆడించి చూసుకున్నాడు. "అందరూ ఒకేసారి బద్ధకస్తులైపోయారా?" అన్నాడు. "అందరం ఒకేసారి సమానమైపోయామండీ" అంది మూడో బల్లావిడ. అందరూ వెనకబడితే ఎవరు వెనకబడినట్టు?

పాటకోసం తమ లెక్క తగ్గించుకున్నారు అందరూ. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకా ప్రాసలు పంపు.

నీ బుల్లి

*

జూన్ 11

బుల్లీ,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేశాను.

నువ్వు పుట్టినప్పట్నుంచీ ఇంతే. ఎవరి మూటో నీ నెత్తిన పెట్టుకుని మెడనొప్పి అంటావు. నీ బల్ల వెనకబడిందంటే కారణం ఎవరో నాకు తెలియదా? మూడు మాటలకి ఆరు దగ్గులు దగ్గే ఆవిడ ఎదురుగా నిలబడితే దుప్పటి ఎలా కదులుతుంది? నువ్వు రెండు చేతులా పనిచేసే రాక్షసివి, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆవిడకోసం నువ్వు పాటలు కట్టడం, ఆవిడకోసం పదిమంది లెక్క తగ్గించుకోవడం! జోడీ మార్చమని అడుగు. ముసలావిడని ఉసురుపెట్టమని కాదు, నువ్వు మునగకు అంటున్నాను.

నిన్న ఒకాయన నేను కుట్టిన ప్యాంటు వెనక్కి తెచ్చాడు. బిగుతైందిట. పొట్ట పెరిగిందండీ అన్నాను. కాదు, కుట్టే బిగిసిందన్నాడు. టేపు తీసి నడుం కొలిచి, పాత కొలత పుస్తకం తెరిచి, అంకె మీద వేలు పెట్టి చూపించాను. ప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్ళాడు. నిజం చెప్పడానికి భయమెందుకే? నెమ్మదిగా చేసేవాళ్ళు నెమ్మదిగా చేస్తున్నారని ఒప్పుకోవాలి.

కోపంలో కూడా ప్రాసలు పంపుతున్నాను, అది నా ఖర్మ: మట్టు, గట్టు, బొట్టు, రట్టు. "రట్టు" వాడేటప్పుడు జాగ్రత్త.

దస్తూరి ఇంకా అలాగే ఉంది. ఈసారైనా కుదురుగా రాయి.

అక్క

*

జూన్ 19

అక్కా,

పాట నిషేధం.

బల్లకింద అంటించుకున్న నీ కాగితం, దాని వెనక మేం రాసుకున్న రెండో పాటతో సహా, గడియారానికి దొరికింది. ఒక్కొక్కర్నీ పిలిచి విచారణ పెట్టాడు. "గడియారానికి తెలియని గుట్టు" దగ్గర వేలు పెట్టి, "ఏమిటా గుట్టు?" అన్నాడు. నీ జాబితాలో "రాకెట్టు" కింద గీత గీశాడు, అది దేనికి సంకేతమని. ఇది రాసిన నాయకురాలు ఎవరు, ఏ సంఘం అని గుచ్చిగుచ్చి అడిగాడు. "మా అక్కండీ, ప్యాంట్లు కుడుతుంది" అన్నాను. నమ్మలేదు. కాగితం మీదున్న నీ అడ్రసు కూడా రాసుకున్నాడు.

గదిలో నోరు విప్పకూడదని నోటీసు పెట్టాడు. పాట నేనే మొదలెట్టానని తెలిసి, "క్రమశిక్షణ తప్పినందుకు చింతిస్తున్నాను" అని టైపు చేసిన కాగితం నా ముందు పెట్టాడు. చింతించడంలేదండీ అని తిరిగి ఇచ్చేశాను. ఇంకా పెండింగులో ఉంది.

పాట లేకపోయేసరికి లెక్కలు మళ్ళీ విడిపోయాయి. మిగతావాళ్ళు ఆగుదామనే చూస్తున్నారు, కానీ నోరు మూసుకుని ఆరు బల్లలు ఒక లెక్కలో ఎలా నడుస్తాయి? మా బల్ల మళ్ళీ అడుగునే.

దగ్గులమ్మ గురించి నువ్వు రాసింది చదివి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ సంగతి నీకేం తెలుసు? ఆవిడ గురించి ఇంకొక్క మాట రాయకు. రాస్తే జవాబివ్వను.

బుల్లి

*

జూన్ 23

బుల్లీ,

కోప్పడితే కోప్పడు. నీ కోపం నాకు కొత్తా?

నాయకురాలట! మీ బావ అప్పట్నుంచీ "నాయకురాలా, మంచినీళ్ళు ఇస్తావా" అంటున్నారు. నవ్వుకున్నాను కానీ లోపల గుబులు పట్టుకుంది. నీ మాటేదీ వినను, చెయ్యాల్సిన పని చేసేశాను. మీ ఆఫీసరుకి నేనే ఉత్తరం రాశాను. లాండ్రీ అడ్రసు నీ పాత కవరు మీద ఉందిగా. పోస్టులో వేసి వచ్చాకే నీకిది రాస్తున్నాను, నువ్వు ఆపకుండా.

ఏం రాశానో దాచను. "అయ్యా, నేను ఏ సంఘం మనిషినీ కాను, దర్జీని. ప్రాసలు పంపింది నేనే, తప్పుంటే నన్ను అడగండి. మా చెల్లెలు పనిలో ఎవరికీ తీసిపోదు. ఆ బల్ల వెనకబడటానికి కారణం ఎదురుగా నిలబడే దగ్గులావిడ. మా చెల్లెలు మొహమాటానికి పోయి ఆవిడని కాపాడుతోంది. ఎవరు నెమ్మదో మీరే కళ్ళతో చూసుకోండి" అని రాశాను. కిందన సంతకం, షాపు స్టాంపు కూడా వేశాను.

మీ బావ వద్దన్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అన్నారు. నా చెల్లెలికి దురద పుడితే నేను గోకకూడదా?

ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు. నన్ను తిట్టుకో, తిట్టుకుంటూనే పనికి వెళ్ళు.

అక్క

*

జూలై 3

అక్కా,

నువ్వేం చేశావో తెలుసా?

మంగళవారం పొద్దున్న గడియారం అందర్నీ బోర్డు ముందు నిలబెట్టి నీ ఉత్తరం పైకి చదివాడు. షాపు స్టాంపుతో సహా. చదివి, దగ్గులమ్మ వైపు తిరిగి, "మీ జోడీ ఇంటివాళ్ళే చెప్తున్నారు, మీరేమంటారు?" అన్నాడు. ఆవిడ నావైపు చూసింది. "పన్నెండో తారీఖు శనివారం మీకు ఆఖరు" అన్నాడు. "సరేనండీ" అంది.

నెమ్మదిగా చేసేది ఆవిడ కాదు అక్కా. నేను.

జనవరినుంచీ నా కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారిపోతున్నాయి. కొస పట్టుకున్నాననే అనుకుంటాను, చూస్తే దుప్పటి కింద ఉంటుంది. రోజుకి కొన్ని వందల దుప్పట్లు పద్దెనిమిదేళ్ళు గుంజితే నరం నలిగిపోయిందన్నాడు పైఅంతస్తు డాక్టరు. నా దస్తూరి కోడి గీరినట్టుందని రెండుసార్లు దెప్పావు చూడు, అందుకే. కుదురుగా కూర్చునే రాస్తున్నానే. వేళ్ళే కుదురుగా లేవు.

అందరికన్నా ముందు కనిపెట్టింది దగ్గులమ్మే. నా కొస జారితే రెండడుగులు ముందుకొచ్చి తనే అందుకుంటుంది. గడియారం ఇటు వస్తుంటే గట్టిగా దగ్గుతుంది, ఆయన చూపు నా చేతిమీద పడకుండా. ఆవిడ దగ్గులో సగం రోగం, సగం నాకోసం. ఆ దగ్గునే పట్టుకుని నువ్వు ఆవిడమీద నేరం మోపావు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే నువ్వేమంటావో తెలుసు. "వచ్చి నా కొట్లో బొత్తాలు కుట్టుకుంటూ కూర్చో" అంటావు. నాకు కూర్చోవడం వద్దు. నేనుండే ఈ గది నాది, దీని తాళంచెవి నాది. పొద్దున్నే లాండ్రీ ఇనప తలుపు తోసుకుని వెళ్ళి పన్నెండుమందిలో ఒకదాన్నై నిలబడటం నాది. ఎవరూ జాలిపడి నాకు కుర్చీ వెయ్యక్కర్లేదు.

ఇంత పొగరు ఉన్నదాన్ని, మంగళవారం నోరు తెరవలేకపోయాను. అదీ నా బతుకు. ఆవిడ "సరేనండీ" అంటుంటే నేను దుప్పటి అంచు చూసుకుంటూ నిలబడ్డాను. నిన్ను తిట్టాలని మొదలెట్టాను ఈ ఉత్తరం. సగం తిట్లు నాకే తగిలాయి.

బుల్లి

*

జూలై 7

బుల్లీ,

తప్పు నాది. తిప్పి తిప్పి రాయను. తెలియని మనిషి మీద, కళ్ళతో చూడని మనిషి మీద స్టాంపు వేసి మరీ అబద్ధం రాశాను. మీ బావ తిట్టకుండా టీ పెట్టి ఇచ్చారు. తిట్టినా బాగుండేది.

"వచ్చి కొట్లో కూర్చో" అని మొదట రాసిన మాట నిజం. ఆ కాగితం చింపేశాను. నువ్వు రావు, వస్తే నువ్వు కాదు.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. మీ ఆఫీసరుకి. "ముందు ఉత్తరంలో రాసింది తప్పు, ఆ పెద్దావిడకి ఏ పాపమూ తెలియదు, క్షమాపణ ఆవిడకి చెప్తున్నాను, మీకు కాదు" అని ఉంది. కానీ ఒకటి విను. నువ్వు నోరు తెరవకముందు ఈ కాగితం ఇవ్వకు. నా కాగితం వెనక దాక్కోకు. చెయ్యి పనిచెయ్యకపోతే ఏమైంది, నీకు నోరు లేదా? గిన్నెల వంతు దగ్గర నాతో ఎంత పోట్లాడేదానివి! ఓడినా ఒప్పుకునేదానివి కాదు, మూడు వీధులకి వినపడేలా వాదించేదానివి. ఆ గొంతు ఏ దుప్పట్లో చుట్టి ఎక్కడ పెట్టావు?

శనివారంలోగా చెప్పు. ఆ తర్వాత చెప్తే అది బాధ మాత్రమే అవుతుంది.

ఆవిడ నిన్ను కాపాడిందని ఇన్నాళ్ళకి తెలిసింది. ఆవిడ నాకూ అక్కే అయింది. ఆ మాట చెప్పు.

మీ అక్క

*

జూలై 13

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నీ రెండో కాగితం నా జేబులోనే ఉంది. తియ్యలేదు.

నిన్న పదకొండింటికి గడియారం ఒక కాగితం పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చాడు. "పని వేగంగా చెయ్యలేక నా ఇష్టంతో మానుకుంటున్నాను" అని ఉంది. దగ్గులమ్మ పెన్ను అందుకోబోయింది. నేను దుప్పటి వదిలేశాను.

"ఆగండి. ఆ కాగితం ఆవిడది కాదు, నాది" అన్నాను.

కుడిచెయ్యి ఎత్తి చూపించాను. "ఈ వేళ్ళు ఆర్నెల్లుగా మొద్దుబారాయి. పట్టు జారేది నాకు, అందుకునేది ఆవిడ. మా అక్క రాసింది తెలియక రాసిన తప్పు. మీరది చదివిన మంగళవారం నేను నోరు మూసుకున్నది తెలిసి చేసిన తప్పు. ఈ చెయ్యి పుట్టుకతో ఇలా లేదండీ. పద్దెనిమిదేళ్ళు మీ దుప్పట్లు గుంజి ఇక్కడే పాడైంది. ఇక్కడే పనిచేస్తుంది" అన్నాను.

దగ్గులమ్మ నన్ను చూసి, "నీకేం పుట్టిందే పిచ్చిపిల్లా, శుభ్రంగా నేను పోయేదాన్ని కదా" అని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. నీ మాట చెప్పాను. "మీ అక్కకి చెప్పు, నన్ను అక్క అంటే చాలదు, ఒకసారి వచ్చి నా ముందు నిలబడమను" అంది. నీకు తప్పదు, రావాలి.

గడియారం నాకోసం అలాంటిదే ఇంకో కాగితం తెప్పించాడు. "అయితే సాయంత్రంలోగా ఇద్దరూ సంతకాలు పెట్టండి" అని వెళ్ళబోయాడు. అప్పుడు మూడో బల్లావిడ గొంతెత్తింది. నోటీసు ఆవిడ నెత్తిమీదే వేలాడుతోంది. "పట్టు పట్టు, కొసను పట్టు" అంది. రెండో ముక్కకి ఆరు బల్లలూ అందుకున్నాయి. ఆయన "ఆపండి" అని అరిచాడు. అరుపు కూడా ప్రాస దగ్గర మునిగిపోయింది. ఈసారి డెబ్భై కూడా కాదక్కా. నా చెయ్యి ఎంత నడిస్తే అంత, అంతకి ఒక్కటి ఎక్కువ కాదు. గంటకి యాభై ఎనిమిది. ఆరు బల్లలూ యాభై ఎనిమిదే. దాచుకోడానికి కాదు ఈసారి, చూపించడానికి. మధ్యాహ్నానికి అయిదో అంతస్తునుంచి ఫోను, దుప్పట్లేవని. తర్వాత మూడో అంతస్తునుంచి. ఆయన ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో మా కాగితాలు పట్టుకుని గదంతా తిరిగాడు.

సాయంత్రం ఆరింటికి నా ముందు కాగితం పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"కుడిచెయ్యి పెట్టలేదండీ" అన్నాను. "ఎడమచెయ్యి పెట్టదండీ."

దగ్గులమ్మ తన కాగితం నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికే ఇచ్చింది. అంచుకి అంచు కలిపి, బల్లమీద అరచేత్తో సాపుచేసి మరీ.

"సోమవారం మీరిద్దరూ రావక్కర్లేదు" అన్నాడు.

రేపే సోమవారం. ఏడింటికి డ్యూటీ. ఆరున్నరకి ఆవిడ మా వీధి మొగలో నిలబడతానంది. మిగతా పదిమందీ కూడా అక్కడికే వస్తారట, అందరం కలిసి వెళ్తాం. తలుపు తియ్యకపోతే తీసేదాకా నిలబడతాం.

నీ బుల్లి